గలగండంపై గెలుపు – డాక్టర్ వులిమిరి రామలింగస్వామి జీవితం

న్యూఢిల్లీలోని అన్సారీ నగర్‌లో భారత వైద్య పరిశోధనా మండలి ప్రధాన కార్యాలయం ఉన్నది. ఆ భవనానికి వి. రామలింగస్వామి భవన్ అని పేరు. విదేశాలలో పరిశోధన చేసి స్వదేశానికి తిరిగివచ్చే యువ శాస్త్రజ్ఞుల కొరకు కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖ నెలకొల్పిన ఫెలోషిప్పుకు కూడ ఆ పేరే పెట్టబడింది. ఆ పేరుగల మహావైద్యుడు నాగావళీ తీరాన, మన శ్రీకాకుళంలో పుట్టినవారని మన విద్యార్థులలో ఎందరికి తెలియునో మేము చెప్పజాలము. సముద్రపు గాలి సోకే నేలపై పుట్టి, హిమాలయాల లోయలలోని నిరుపేదల కంఠవ్యథను తీర్చడానికి పాటుపడిన ఆ మహనీయుని జీవితాన్ని ఈ సంచికలో మా పాఠకుల ముందుంచ దలచినాము.

బాల్యము, విద్యాభ్యాసము

డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1921వ సంవత్సరం ఆగస్టు 8వ తేదీన శ్రీకాకుళంలో జన్మించారు. అప్పటికి ఈ పట్టణం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో చేరి ఉండేది. ఆంగ్లేయులు దీనిని చికాకోల్ అని వ్రాసేవారు. ఉత్తర కోస్తా పిల్లలకు వైద్యవిద్య చేరువైనది 1923లో విశాఖపట్టణంలో వైద్యకళాశాల వెలసిన తర్వాతనే. ఆ ఆంధ్ర వైద్యకళాశాలలోనే రామలింగస్వామి చదివి 1944లో ఎం.బి.బి.ఎస్. పట్టాను, 1946లో ఎం.డి. పట్టాను పొందారు. అనంతరం ఇంగ్లండు వెళ్లి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి 1951లో డాక్టరేటు సాధించారు.

పెద్ద పట్టాలు చేతనున్న వైద్యుడు ఆ రోజులలో ఏ నగరంలోనైనా స్వంత వైద్యశాల తెరిచి సుఖంగా జీవించగలిగేవాడు. రామలింగస్వామి ఆ దారి త్రొక్కలేదు. నీలగిరులలోని కూనూరులో ఉండిన పోషకాహార పరిశోధనాలయంలో పాథాలజిస్టుగా 1947 నుండి 1954 వరకు సేవ చేశారు. పాథాలజీ అనగా వ్యాధి వలన అవయవాలలో కలిగే మార్పులను పరిశీలించే శాస్త్రం. తగినంత మాంసకృత్తులు లేని తిండి మనిషి కాలేయాన్ని ఎట్లు చెరుస్తుందో ఆయన అక్కడ అధ్యయనం చేశారు. పరిశోధనాలయంలోని సూక్ష్మదర్శినికీ పేదవాని అన్నపు కంచానికీ గల సంబంధాన్ని ఆయన ఆ కాలంలోనే గ్రహించారని చెప్పవచ్చు. ఆ కూనూరు పరిశోధనాలయమే తరువాత హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందినది.

కూనూరు పరిశోధనాలయానికి మూలపురుషుడు సర్ రాబర్ట్ మెక్‌కారిసన్. ఆయన ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరాలలో గిల్గిట్, చిత్రాల్ కొండసీమలలో గలగండ వ్యాధిని పరిశీలించారు. కలుషితమైన నీటిలోని ఏదో క్రిమి ఇందుకు కారణమని ఆయన తలచారు. దానిని నిరూపించడానికి గిల్గిట్ నీటిని వడగట్టగా మిగిలిన మడ్డిని తాము స్వయంగా సేవించిన సాహసి ఆయన. అయినను ఆ ప్రశ్న తేలలేదు. అట్లు తేలక మిగిలిన ప్రశ్నకు భారతదేశంలో సంశయానికి తావులేని జవాబు చెప్పవలసిన బాధ్యత, అర్ధశతాబ్ది గడచిన పిమ్మట, అదే పరిశోధనాలయంలో పనిచేసిన మన శ్రీకాకుళం వైద్యునిపై పడినది.

అవటు గ్రంథి – దాని పని

ఆయన సాధించినదేమిటో గ్రహించాలంటే మన మెడలోని ఒక చిన్న గ్రంథిని గూర్చి ముందుగా తెలిసికోవాలి. దానిని పాఠ్యపుస్తకాలలో అవటు గ్రంథి అనీ, వ్యవహారంలో థైరాయిడ్ గ్రంథి అనీ అంటారు. ఇది స్వరపేటికకు కొంచెం దిగువన, వాయునాళానికి ముందువైపున, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారంలో అమరి ఉంటుంది. కుడి ఎడమల రెండు తమ్మెలు, వానిని కలిపే సన్నని వంతెన వంటి భాగం దీని నిర్మాణం. పెద్దవారిలో దీని బరువు సుమారు 15 నుండి 25 గ్రాములు మాత్రమే. లోపల లెక్కలేనన్ని చిన్న గుండ్రని తిత్తులుంటాయి. గ్రంథి తయారుచేసే హార్మోనులు ఆ తిత్తులలో నిలువ ఉంటాయి.

ఆ హార్మోనులు ముఖ్యంగా రెండు. మొదటిది థైరాక్సిన్. దీని అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి గనుక టి-4 అంటారు. మూడు పరమాణువులున్న రెండవదానిని టి-3 అంటారు. థైరాక్సిన్‌ను అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ కెండాల్ 1914లో తొలిసారిగా వేరుచేశారు. శరీరంలోని కణాలు ఎంత వేగంగా పనిచేయాలో, ఎంత వేడి పుట్టించాలో, గుండె ఎంత త్వరగా కొట్టుకోవాలో ఈ హార్మోనులు నిర్ణయిస్తాయి. పిల్లలలో ఎముకల ఎదుగుదలకు, అన్నింటికంటె మిన్నగా మెదడు వికాసానికి ఇవి అత్యవసరం. తలలోని పీయూష గ్రంథి ఒక ప్రేరక హార్మోనును పంపి అవటు గ్రంథిని అదుపులో ఉంచుతుంది. రక్తంలో థైరాక్సిన్ తగ్గితే ఆ ప్రేరణ హెచ్చుతుంది, పెరిగితే తగ్గుతుంది.

ఈ హార్మోనుల తయారీకి అయోడిన్ లేనిదే గతిలేదు. పెద్దవారికి దినానికి 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలును. గర్భవతులకు 250 మైక్రోగ్రాములు కావాలి. మైక్రోగ్రాము అనగా గ్రాములో పదిలక్షలవ వంతు. జీవితకాలమంతటికీ ఒక మనిషికి కావలసిన అయోడిన్ ఒక చెంచాడుకు మించదు. కాని దానిని ఒక్కసారిగా తిని దాచుకొనుటకు వీలులేదు. రోజురోజూ కొంచెం కొంచెంగా అందవలసిందే.

అది అందనప్పుడు ఏమగును? హార్మోను తగ్గుతుంది. పీయూష గ్రంథి ఇంకా పనిచేయమని అవటు గ్రంథిని తొందరపెడుతుంది. ముడిసరుకు లేక, ప్రేరణకు తట్టుకోలేక గ్రంథి ఉబ్బిపోతుంది. మెడ ముందు వ్రేలాడే ఆ వాపే గలగండం, ఇంగ్లీషు మాటలో గాయిటర్. హిమాలయ పర్వతపాదాల వెంట కాశ్మీరు నుండి నాగాలాండు వరకు సుమారు 2400 కిలోమీటర్ల పొడవున ఈ వ్యాధి వ్యాపించి ఉండేది. వేల సంవత్సరాల మంచు, వాన, వరదలు అక్కడి మట్టిలోని అయోడిన్‌ను కడిగివేశాయి. నేలలో లేనిది పంటలో లేదు, పంటలో లేనిది మనిషిలో లేదు.

కాంగ్రా లోయలో పరీక్ష

1954లో రామలింగస్వామి భారత వైద్య పరిశోధనా మండలిలో చేరారు. 1957లో, అప్పుడే ప్రారంభమైన అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థలో పాథాలజీ ఆచార్యులైనారు. గలగండంపై ఆయన జరిపిన జగద్విఖ్యాతమైన పరిశోధన 1956లో కాంగ్రా లోయలో మొదలైనది. ఆనాడు ఆ లోయ పంజాబు రాష్ట్రంలో ఉండేది, నేడు హిమాచల ప్రదేశ్‌లో ఉన్నది.

అయోడిన్ కలిపిన ఉప్పు గలగండాన్ని నివారించగలదన్న సంగతి అప్పటికి పాశ్చాత్య దేశాలకు తెలియనిది కాదు. స్విట్జర్లాండులో 1922 నుండి, అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో 1924 నుండి అట్టి ఉప్పు వాడుకలోనికి వచ్చినది. అయితే హిమాలయాలలోని గలగండానికి కూడ అయోడిన్ కొరతయే కారణమా, లేక నీరో, తిండిలోని మరేదైనా పదార్థమో కారణమా అనే సందేహం ఉండనే ఉన్నది. మన దేశపు ఎండకు, తేమకు, గోతాములలో సాగే రవాణాకు అట్టి ఉప్పు ఆగుతుందా అనేది మరొక సందేహం. సందేహం తీరనిదే ప్రభుత్వం ధనం వెచ్చించదు.

రామలింగస్వామి, వారి సహచరులు ఆ లోయను మూడు మండలాలుగా విభజించారు. ఒక మండలానికి పొటాషియం అయోడైడ్ కలిపిన ఉప్పు, మరొక మండలానికి పొటాషియం అయోడేట్ కలిపిన ఉప్పు పంపారు. మధ్యనున్న మండలానికి పోలిక కొరకు మామూలు ఉప్పే పంపారు. మూడు మండలాలలోను బడిపిల్లల మెడలను తడిమి చూచి లెక్కలు కట్టారు. ప్రారంభంలో మూడుచోట్ల కూడ ప్రతి పదిమంది పిల్లలలో సుమారు నలుగురికి వాపు కనిపించినది. ఆరేళ్లు గడచిన తర్వాత, 1962లో మరల చూడగా, అయోడిన్ అందిన రెండు మండలాలలో వాపు సుమారు సగానికో, అంతకంటె దిగువకో దిగింది. అందని మండలంలో మాత్రం ఎప్పటివలెనే నిలిచి ఉన్నది. ఋజువు లభించిన వెంటనే ఆ మధ్య మండలానికి కూడ అయోడిన్ ఉప్పు అందించారు. తరువాతి పరీక్షలో అక్కడి పిల్లలలో కూడ వ్యాధి తగ్గుముఖం పట్టినది. తేమకు చెడిపోకుండా నిలిచే గుణం అయోడేటుకు హెచ్చు గనుక మన దేశానికి అదే తగినదని తేలినది.

ఈలోగా మరొక వైపునుండి కూడ సాక్ష్యం సమకూర్చారు. రేడియోధార్మిక అయోడిన్‌ను స్వల్ప పరిమాణంలో ఇచ్చి, రోగుల గ్రంథి దానిలో ఎంత పట్టుకొనునో కొలిచారు. వేసవికి నెర్రెలు వారిన చేను తొలకరి నీటిని పీల్చుకొనునట్లు ఆ గ్రంథులు అయోడిన్‌ను పీల్చుకొన్నాయి. గ్రంథి చెడిపోలేదు, దానికి అయోడిన్ కరువైనదని దీనివలన స్పష్టమైనది. 1961లో ఈ ఫలితాలు లండనులోని లాన్సెట్ వైద్యపత్రికలో వెలువడినాయి.

తెలిసినదానికి, జరిగినదానికి మధ్య దూరం

కాంగ్రా ఫలితాల ఆధారంగా భారత ప్రభుత్వం 1962లో జాతీయ గలగండ నివారణ కార్యక్రమాన్ని ప్రారంభించినది. ఇక వ్యాధి అంతరించినట్లే అని ఎవరైనా తలచి ఉంటే అది పొరపాటు. గలగండం ఉన్నదని తెలిసిన ప్రాంతాలకే అయోడిన్ ఉప్పు పంపాలని ఏర్పాటు. ఫ్యాక్టరీలు తక్కువ, తయారైన సరుకు చాలదు. చౌకగా దొరికే మామూలు ఉప్పు ప్రక్క ప్రాంతాల నుండి రావడం మానలేదు. ఇరువది ఏళ్లు ఇట్లే గడచినాయి.

ఆ ఇరువది ఏళ్లలో శాస్త్రజ్ఞుల దృష్టి మెడ మీదినుండి మెదడు మీదికి మళ్లినది. గర్భస్థ శిశువు మొదటి మూడు నెలలు తల్లి హార్మోను మీదనే ఆధారపడుతుంది. తల్లికి అయోడిన్ కొరవడితే బిడ్డ మెదడు సరిగా రూపొందదు. కొందరు చెవుడు, మూగతనం, కురచ శరీరం, మందబుద్ధితో పుడతారు. దానిని క్రెటినిజం అంటారు. అంతకంటె చాలమంది పైకి బాగానే కనబడుతూ చదువులో, పనిలో వెనుకబడతారు. ఆ నష్టాన్ని తరువాత ఏ ఔషధమూ పూరింపజాలదు. రామలింగస్వామి పెంచిన అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థలోని పరిశోధక బృందం ఉత్తరప్రదేశ్‌లోని గోండా, దేవరియా మొదలైన జిల్లాలలో అప్పుడే పుట్టిన శిశువుల రక్తాన్ని పరీక్షించి, వారిలో థైరాయిడ్ లోపం ఎంత భయంకరంగా ఉన్నదో వెల్లడించినది. 1983లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు బాసిల్ హెట్జెల్ ఈ సమస్య మొత్తానికి అయోడిన్ లోప రుగ్మతలు అని క్రొత్త పేరు ప్రతిపాదించారు. మెడవాపు అందమునకు సంబంధించిన చిన్న లోపమనే చులకన భావం అంతటితో తొలగినది.

1969 నుండి 1979 వరకు అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థకు డైరెక్టరుగాను, 1979 నుండి 1986 వరకు భారత వైద్య పరిశోధనా మండలికి డైరెక్టర్ జనరల్‌గాను రామలింగస్వామి పనిచేశారు. పదవులు పెరిగినా కాంగ్రా ప్రశ్నను ఆయన విడువలేదు. మండలి ఆధ్వర్యాన 14 జిల్లాలలో జరిగిన పరిశీలనలో గలగండం హిమాలయాలకే పరిమితం కాదని, మైదానాలలోను ఉన్నదని బయటపడినది. దేశంలోని తినే ఉప్పు యావత్తూ అయోడిన్‌తో కూడినదై ఉండాలని 1984లో నిర్ణయం జరిగి, 1986 నుండి అంచెలంచెలుగా అమలైనది. 1992లో కార్యక్రమానికి అయోడిన్ లోప రుగ్మతల నివారణ కార్యక్రమం అని పేరు మార్చారు.

కాంగ్రాలో మొదటి ఉప్పు బస్తా దిగిన 1956కూ, దేశమంతటికీ అయోడిన్ ఉప్పు అన్న నిర్ణయం అమలుకు వచ్చిన 1986కూ మధ్య ముప్పది ఏళ్లు. ఈ ముప్పది ఏళ్లలో పుట్టి, పోగొట్టుకొన్న తెలివిని మరల పొందలేకపోయిన పిల్లలను ఎవరు లెక్కించగలరు? శాస్త్రం సత్యాన్ని కనుగొన్నంత మాత్రాన అది ప్రజల కంచంలోనికి దానంతటదే రాదు. రామలింగస్వామి జీవితం మనకు చెప్పే ప్రధాన సత్యం ఇదే అని మా అభిప్రాయం. తెలిసికొనడం సగం పని. తెలిసినదానిని పట్టువిడువక అమలు జరిపించడం మిగిలిన సగం. ఆయన రెండింటికీ తన జీవితాన్ని ధారపోశారు.

అంతటితో కూడ పోరాటం ముగియలేదు. అయోడిన్ లేని ఉప్పును తినుటకు అమ్మరాదన్న కేంద్ర నిషేధం 1998లో అమలులోనికి రాగా, 2000లో దానిని ఎత్తివేశారు. మరుసటి సంవత్సరం, 2001 మే 28న, రామలింగస్వామి పరమపదించారు. నిషేధం మరల 2006లో అమలైనది. ఆ పునరుద్ధరణను చూచే భాగ్యం ఆయనకు కలుగలేదు.

ఇతర సేవలు, గౌరవాలు

ఆయన కృషి గలగండంతో ఆగలేదు. మాంసకృత్తుల లోపం, గర్భవతులలో రక్తహీనత, పిల్లలలో కాలేయవ్యాధి ఆయన పరిశోధనా విషయాలు. 1994లో సూరత్ నగరంలో ప్లేగు భయం చెలరేగినప్పుడు నిజానిజాలు తేల్చడానికి ఏర్పడిన నిపుణుల సంఘానికి ఆయనే అధ్యక్షులు. ఆఫ్రికాలోని పేద దేశాలకంటె దక్షిణాసియాలో పిల్లలు ఎక్కువగా కృశించి ఉండడానికి స్త్రీల దుస్థితి ముఖ్య కారణమని 1996లో ఇద్దరు సహరచయితలతో కలిసి వ్రాసిన వ్యాసం ఐక్యరాజ్య సమితి బాలల నిధి ప్రచురణలో వెలువడి ప్రపంచాన్ని ఆలోచింపజేసినది.

1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం, 1969లో పద్మశ్రీ, 1971లో పద్మభూషణ్ బిరుదులు ఆయనను వరించినాయి. భారత జాతీయ విజ్ఞాన అకాడమీకి అధ్యక్షత వహించారు. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ ఆయనను తమవానిగా ఎన్నుకొన్నది. 1986లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వం లభించినది.

నేటి మన కర్తవ్యం

అయోడిన్ లోపం తగ్గినంత మాత్రాన థైరాయిడ్ వ్యాధులు లేవని అనుకోరాదు. ఈనాడు పట్టణాలలో కనబడే థైరాయిడ్ లోపానికి ఎక్కువగా కారణం శరీర రక్షణశక్తే పొరబడి స్వంత గ్రంథిపై దాడి చేయడం. 1912లో జపాను వైద్యుడు హషిమొటో వర్ణించినందున దానికి ఆయన పేరు వచ్చినది. ఇందులో నీరసం, ఒళ్లు బరువెక్కడం, చలికి ఓర్వలేకపోవడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం, స్త్రీలలో ఋతుక్రమం తప్పడం వంటి లక్షణాలుంటాయి. వైద్యుడు నిర్ణయించిన మోతాదులో దినానికి ఒక థైరాక్సిన్ మాత్రతో రోగి మామూలు జీవితం గడపవచ్చు. గ్రంథి అతిగా పనిచేస్తే ఆకలి ఉన్నా చిక్కిపోవడం, గుండెదడ, చెమట, చేతుల వణుకు, కొందరిలో కనుగ్రుడ్లు ముందుకు రావడం కనబడతాయి. గ్రంథిలో గడ్డలు ఏర్పడవచ్చు. వానిలో చాలభాగం హానిలేనివి, కొన్ని మాత్రం క్యాన్సరు కావచ్చు. కనుక మెడలో వాపు కనబడితే చిట్కాలతో కాలం గడపక వైద్యునికి చూపాలి. అది అయోడిన్ లోపమో మరొకటో పరీక్షలు చెబుతాయి. పుట్టిన శిశువు మడమ నుండి తీసిన ఒక రక్తపుబొట్టుతో పుట్టుకతో వచ్చే లోపాన్ని కనిపెట్టి వెంటనే మందు మొదలిడితే ఆ బిడ్డ మెదడును కాపాడవచ్చు.

మన జిల్లాల వారికి ప్రత్యేకంగా ఒక మాట. సముద్రం ప్రక్కనే ఉన్నది, నౌపడా ఉప్పుమళ్లు మనవే, మనకు అయోడిన్ కొరత ఎక్కడిదని కొందరు అనుకొంటారు. ఇది సరికాదు. సముద్రజలంలో ఉన్న కొద్దిపాటి అయోడిన్ ఉప్పు మడిలో ఎండే గల్లుప్పులో నిలువదు. చేపలు తినేవారికి కొంత లభించునేమో గాని, అందరికీ అది చాలదు. అయోడిన్ కలిపినట్లు పొట్లంపై ముద్రించిన ఉప్పునే కొనాలి. వాడేవారి చేతికి వచ్చేసరికి పదిలక్షల వంతులలో 15 వంతులకు తగ్గని అయోడిన్ అందులో ఉండాలని నియమం. ఇంట్లో దానిని మూత గట్టిగా బిగించిన పాత్రలో, పొయ్యి వేడికి, తేమకు దూరంగా ఉంచాలి. కూర దింపబోయే ముందు వేయడం మేలు.

విద్యార్థి మిత్రులారా! ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయరాదని తెలుగువారంటారు. తిన్న ఉప్పుకు కట్టుబడినవానిని ఉర్దూలో నమక్‌హలాల్ అంటారు. మన కళాశాలలో ఈ రెండు భాషలవారమూ కలిసి చదువుకొనుచున్నాము. ఆ మాటకు డాక్టర్ రామలింగస్వామి కంటె తగిన ఉదాహరణను మేమెరుగము. ఈ దేశపు ఉప్పు తిని, ఆ ఋణాన్ని ఉప్పు ద్వారానే తీర్చుకొన్న మహనీయుడాయన. పిండిద్రావణంతో పనిచేసే చిన్న పరీక్ష సీసాలు ఉన్నాయి. ఒక చుక్క వేస్తే అయోడిన్ ఉన్న ఉప్పు నీలివన్నెకు తిరుగుతుంది. మన జాతీయ సేవాపథకం విద్యార్థులు సీతంపేట, సాలూరు, కురుపాం ప్రాంతాల పల్లెలకు వెళ్లినప్పుడు ఆ సీసాలను వెంట తీసికొనిపోయి, ఇంటింటి ఉప్పును పరీక్షించి, గర్భవతులైన తల్లులకు విషయం విడమరచి చెప్పాలని, అందుకు కళాశాల పాలకవర్గం తగిన సదుపాయం కల్పించాలని మేము సవినయంగా కోరుచున్నాము. ఆ మహావైద్యుని పుట్టిన గడ్డపై ఆయన స్మృతికి ఇంతకు మించిన నివాళి వేరొకటి లేదు.